పిల్లాడు ‘దడుచుకున్నాడు’ అంటే.. బొమ్మలు, రంగు పెన్సిళ్లతో చేసే ఈఎండీఆర్ చికిత్స ఏంటి? తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లు ఎక్కడ అడగాలి?

నాన్నతో బండి మీద వెళ్తూ కింద పడ్డ పిల్లాడికి చేతి కట్టు విప్పేశారు. ఎక్స్‌రేలో ఎముక బాగానే అతుక్కుంది. కానీ ప్రమాదం జరిగి నెలన్నర దాటినా బండి ఎక్కమంటే ఏడుపే. వెనక నుంచి లారీ హారన్ వినిపిస్తే చెవులు మూసుకుని నిలబడిపోతాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. ‘పిల్లాడు దడుచుకున్నాడు’ అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. తాయెత్తు కట్టిస్తారు, దిష్టి తీస్తారు. ‘పోను పోను వాడే మర్చిపోతాడులే’ అని సర్దిచెబుతారు.

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి పిల్లాడు ఉంటే ఒక మాట ముందే చెప్పుకోవాలి. పెద్దవాళ్లు అనేది చాలామంది పిల్లల విషయంలో నిజమే. ఇంట్లో వాతావరణం ప్రశాంతంగా ఉండి, స్కూలు, ఆట, నిద్ర మళ్లీ గాడిన పడితే మొదటి కొన్ని వారాల్లోనే భయం తగ్గుతుంది. తాయెత్తు కట్టించినా నష్టం లేదు. నెల దాటినా తగ్గకపోతే, అక్కడితో ఆగిపోవడమే ఇబ్బంది.

అలా తగ్గని పిల్లలకు ఇచ్చే చికిత్సల్లో ఒకటి ఈఎండీఆర్. యూట్యూబ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో తెర మీద అటూ ఇటూ కదిలే చుక్కతో వీడియోలు మీకు కనిపించే ఉంటాయి. అసలు చికిత్స అది కాదు. పిల్లలతో చేసేటప్పుడైతే దాని రూపమే వేరు.

అసలేంటీ ఈఎండీఆర్?

పూర్తి పేరు ‘ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్’. అమెరికా సైకాలజిస్టు ఫ్రాన్సిన్ షపీరో 1987లో దీన్ని మొదలుపెట్టారు. తొలి పరిశోధన ఫలితాలను 1989లో ప్రచురించారు.

భయంకరమైన ఘటన జరిగినప్పుడు ఆ జ్ఞాపకం మిగతా జ్ఞాపకాల్లా సర్దుకోదు. చూసిన దృశ్యం, విన్న శబ్దం, ఒంట్లో పుట్టిన వణుకు, ‘తప్పు నాదే’ అన్న ఆలోచన అన్నీ కలిసి గడ్డకట్టినట్టు ఉండిపోతాయి. ఒక హారన్ చాలు, అదంతా ఇప్పుడే జరుగుతున్నట్టు తిరిగి వస్తుంది. ఈఎండీఆర్‌లో పిల్లాడు ఆ జ్ఞాపకంలో ఒక ముక్కను మనసులో పెట్టుకుంటాడు. అదే సమయంలో కళ్లను ఎడమకూ కుడికీ కదిలించడమో, చేతుల మీద మార్చి మార్చి తట్టించుకోవడమో చేస్తాడు. కొన్ని సెకన్లు చేసి ఆపి, ‘ఇప్పుడు ఏం వచ్చింది?’ అని థెరపిస్టు అడుగుతారు. మళ్లీ కొన్ని సెకన్లు. క్రమంగా ఆ దృశ్యం మసకబారుతుంది, భయం తగ్గుతుంది. జరిగింది గుర్తుంటుంది, కానీ అది ‘అయిపోయిన సంగతి’గా గుర్తుంటుంది.

ఎందుకు పనిచేస్తుంది? మనసు ఒకేసారి రెండు పనులు చేయాల్సి వచ్చినప్పుడు జ్ఞాపకంలోని తీవ్రత తగ్గుతుందన్నది ఎక్కువగా చెప్పే వివరణ. కంటి కదలికల పాత్ర ఎంత, మిగతా చికిత్సా క్రమం పాత్ర ఎంత అన్న దానిపై నిపుణుల్లో వాదన ఇంకా ఉంది. ఫలితం సంగతికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పీటీఎస్‌డీ ఉన్న పెద్దలతో పాటు పిల్లలకూ, టీనేజర్లకూ ఈఎండీఆర్‌ను సూచించింది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018లో కొంచెం ఆచితూచి మాట్లాడింది. 7 నుంచి 17 ఏళ్ల వాళ్లకు ముందు ట్రామా ఫోకస్డ్ సీబీటీ అనే మాటల చికిత్స ఇవ్వాలి, దానితో ఫలితం లేకపోతే, లేదా పిల్లలు అందులో కుదురుకోకపోతే ఈఎండీఆర్ పరిశీలించాలి అని చెప్పింది. ఈ తేడా మీకు తెలిసి ఉండటం మంచిది. దగ్గర్లో ఈఎండీఆర్ దొరకలేదని దిగులు పడక్కర్లేదు. సీబీటీ బాగా తెలిసిన సైకాలజిస్టు దొరికినా మీ పిల్లాడు సరైన చోటికే వచ్చినట్టు.

థెరపిస్టు సంచిలో ఏముంటాయి?

పెద్దవాళ్ల ఈఎండీఆర్‌కు ఎనిమిది దశలు ఉన్నాయి. గత చరిత్ర తెలుసుకోవడం, సిద్ధం చేయడం, పని చేయాల్సిన జ్ఞాపకాన్ని ఎంచుకోవడం, దాని తీవ్రత తగ్గించడం, మంచి నమ్మకాన్ని నిలపడం, ఒంట్లో బిగువు మిగిలిందేమో చూడటం, సెషన్ ముగించడం, తర్వాతి సారి మళ్లీ సరిచూడటం. పిల్లలకూ ఇవే దశలు. పనిముట్లే మారతాయి. మొదటిసారి గదిలోకి వెళ్లిన తల్లిదండ్రులకు ‘ఇదేంటి, ఆడిస్తున్నారు?’ అనిపించడం సహజం. ఆ ఆట వెనక ఏం జరుగుతోందో తెలిస్తే మంచి థెరపిస్టు ఎవరో, ఎవరు పేరుకు మాత్రమే చేస్తున్నారో మీరే గుర్తుపట్టగలరు.

అన్నిటికంటే ముందు నేర్పేది ‘ఆపు’ అని చెప్పడం. చెయ్యి ఎత్తడమో, ఎర్ర అట్టముక్క చూపించడమో ఒక గుర్తు పెట్టుకుంటారు. పిల్లాడు ఆ గుర్తు చూపిస్తే థెరపిస్టు వెంటనే ఆపేయాలి. దాన్ని ఒకటికి రెండుసార్లు ఉత్తుత్తినే ఆడి చూపిస్తారు. ప్రమాదమప్పుడు, వరదప్పుడు, ఎవరో కొట్టినప్పుడు పిల్లాడి చేతిలో ఏమీ లేదు. ఇక్కడ ఉంది. ఇంత చిన్న విషయం మీద ఇంత సమయం ఎందుకు అనుకోవద్దు.

తర్వాత ‘ప్రశాంతంగా అనిపించే చోటు’. పిల్లాడు దాన్ని బొమ్మ వేస్తాడు. అమ్మమ్మ గారింటి అరుగు కావచ్చు, పొలంలో వేపచెట్టు కావచ్చు, దుప్పటి కింద కుక్కపిల్లతో పడుకున్న చోటు కావచ్చు. ఆ బొమ్మ చూస్తూ నెమ్మదిగా ఎడమా కుడీ తడితే ఒళ్లు సడలడం పిల్లాడికి అనుభవంలోకి వస్తుంది. ఇక్కడ మన ప్రాంతపు థెరపిస్టులు జాగ్రత్తపడాల్సిన సంగతి ఒకటుంది. ఇంగ్లిష్ శిక్షణ పుస్తకాల్లో ప్రశాంతమైన చోటు అనగానే సముద్రపు ఒడ్డును ఉదాహరణగా చెప్పడం మామూలు. నిజాంపట్నంలో చేపల వేట మీద బతికే కుటుంబం పిల్లకు, సూర్యలంకలో స్నేహితుడు కొట్టుకుపోవడం చూసిన కుర్రాడికి అలల చప్పుడు ఊహించుకోమనడం సాంత్వన కాదు, దెబ్బ మీద దెబ్బ. చోటును పిల్లలే ఎంచుకోవాలి.

మూడోది పెట్టె. ఇవాళ పూర్తికాని భయాన్ని, కోపాన్ని తాళం వేసి దాచుకునే పెట్టె. పెద్దలకైతే ఊహించుకోమంటారు. చిన్నపిల్లలకు నిజంగానే చెప్పుల డబ్బా ఇచ్చి, రంగు కాగితాలు అంటించమని, బాధపెట్టే బొమ్మను వేసి అందులో పెట్టి మూత బిగించమంటారు. ఒకరు సెల్లోటేపు పది చుట్లు చుడతారు, ఇంకొకరు దాని మీద కుర్చీ పెడతారు. చుట్టనివ్వాలి. సెషన్ అయ్యాక పిల్లాడు ఇంటికి, స్కూలుకు వెళ్లాలి కదా. ఆ భయం గదిలోనే ఉండిపోయిందన్న నమ్మకం కావాలి.

ఇక కొలత. పెద్దవాళ్లను ‘సున్నా నుంచి పది వరకు ఎంత బాధగా ఉంది?’ అని అడుగుతారు. సున్నా అంటే ఏమీ లేదు, పది అంటే భరించలేనంత. ఐదేళ్ల పాపకు అంకెలతో పని లేదు. రెండు చేతులూ చాచి ‘ఇంత పెద్దదా? ఇంత చిన్నదా?’ అని చూపించమంటారు. కొంచెం పెద్దపిల్లలకు కాగితం మీద గీసిన థర్మామీటరో, ఏడుపు ముఖం నుంచి నవ్వు ముఖం దాకా ఉన్న బొమ్మల వరసో సరిపోతుంది. సెషన్ మొదట్లో చేతులు బారెడు చాచిన పాప, చివర్లో జానెడు చూపిస్తే థెరపిస్టుకు కావలసిన సమాచారం అందినట్టే.

ఎడమ కుడి కదలికల దగ్గరే ఎక్కువ ఉపాయం కావాలి. చిన్నపిల్లలకు తల కదపకుండా వేలిని కళ్లతో అనుసరించడం కష్టం, విసుగు కూడా. అందుకని చేతికి తొడిగే బొమ్మను అటూ ఇటూ నడిపిస్తారు, గోడ మీద టార్చి వెలుగు చుక్కను పరుగెత్తిస్తారు. లేదంటే కళ్ల పనే పక్కనపెట్టి మోకాళ్ల మీద మార్చి మార్చి తట్టడం, చిన్న డ్రమ్ము మీద ఎడమ చేత్తో ఒకటి కుడి చేత్తో ఒకటి కొట్టడం, సైనికుల్లా కవాతు చేయడం. చెమ్మచెక్క ఆడే పిల్లలకు ఎదుటివాళ్ల అరచేతులను ఒకటి తర్వాత ఒకటి తట్టడం క్షణంలో వచ్చేస్తుంది. రెండు చేతుల్లో పట్టుకుంటే మార్చి మార్చి వణికే చిన్న యంత్రాలు కూడా మార్కెట్లో ఉన్నాయి. పనికొస్తాయి, కానీ యంత్రం ఉందని థెరపిస్టు గొప్పవారు కారు, లేదని తక్కువ వారూ కారు. పిల్లలను ముట్టుకుని తట్టే పద్ధతి అయితే ముందుగా పిల్లాడిని అడగాలి, మీరు గదిలో ఉండాలి. శారీరకంగా వేధింపులకు గురైన పిల్లలకు తాకడమే భయం పుట్టించవచ్చు. వాళ్లకు తమను తాము తట్టుకునే పద్ధతే నయం.

మాటలు ఇంకా సరిగా రాని పిల్లలకు, జరిగింది చెప్పలేని పిల్లలకు కథ పనికొస్తుంది. అమెరికా పిల్లల డాక్టరు జోన్ లవెట్ 1999లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. థెరపిస్టు సాయంతో తల్లి గానీ తండ్రి గానీ చిన్న కథ రాస్తారు. మొదట మామూలు రోజులు, తర్వాత జరిగిన ఘటన, చివర ఇప్పుడు అందరూ క్షేమంగా ఉండటం. అమ్మ చదువుతుంటే ఒళ్లో కూర్చున్న పిల్లాడి చేతుల మీదో, మోకాళ్ల మీదో ఎడమా కుడీ తడతారు. ఇందులో ఒక చిక్కుంది. ఆ కథ చదువుతూ అమ్మే వెక్కివెక్కి ఏడిస్తే పిల్లాడికి అందే సందేశం ‘ప్రమాదం ఇంకా అయిపోలేదు’ అని. అందుకే కొందరు థెరపిస్టులు ముందు తల్లికి రెండు మూడు సెషన్లు చేస్తారు. ‘పిల్లాడిని తీసుకొస్తే నన్ను కూర్చోబెట్టారేంటి?’ అని నొచ్చుకోకండి.

టీనేజర్లతో కథ వేరు

పదిహేనేళ్ల అమ్మాయి చేతికి కుందేలు బొమ్మ ఇస్తే రెండోసారి రాదు. టీనేజర్లకు ఈఎండీఆర్‌లో నచ్చే అంశం ఇంకొకటి. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పాల్సిన పని లేదు. ఏ దృశ్యం మీద పనిచేస్తున్నారో వాళ్ల మనసుకు తెలిస్తే చాలు. ‘ఇప్పుడు మారిందా? ఎంత ఉంది?’ అన్న ప్రశ్నలకు ఒక అంకె చెప్పి ఊరుకోవచ్చు. సిగ్గుతోనో, ఇంట్లో పరువు పోతుందన్న భయంతోనో నోరు విప్పని పిల్లలకు ఇదెంత పెద్ద వెసులుబాటో మీరు ఊహించవచ్చు.

వాళ్లతో ఎక్కువగా పనిచేయాల్సింది ఘటన మీద కంటే దాని నుంచి వాళ్లు తీసుకున్న తీర్పు మీద. సూర్యలంకకు నలుగురు ఇంటర్ కుర్రాళ్లు వెళ్లారనుకోండి. ఒకరు తిరిగి రాలేదు. మిగిలిన ముగ్గురిలో ‘రమ్మన్నది నేనే’ అన్న కుర్రాడు ఉంటాడు. ‘నీ తప్పేం లేదురా’ అని వంద మంది చెప్పినా అతనికి ఎక్కదు. ఆ మాట లోపల నుంచి రావాలి. ‘నా వల్లే పోయాడు’ అన్నది ‘అప్పుడు నాకు తెలిసినంతలో చేశాను’గా మారడానికి సమయం పడుతుంది. ఆ కొత్త మాట ఎంత నిజమనిపిస్తోందో ఒకటి నుంచి ఏడు వరకు కొలుస్తారు. థెరపిస్టు తొందరపడి తన మాటను అతని నోట్లో పెడితే అంకె పెరుగుతుంది, నమ్మకం పెరగదు.

చదివే పాట, గీసే బొమ్మ, రాసుకునే డైరీ, ఇయర్‌ఫోన్లలో ఎడమా కుడీ మారే శబ్దం.. టీనేజర్లకు పనికొచ్చే సాధనాలు ఇలాంటివి. కాలక్రమ రేఖ ఒకటి గీయిస్తారు. పుట్టిన దగ్గర నుంచి ఇప్పటి దాకా మంచివి గీత పైన, చెడ్డవి కింద. ఏది ముందు ముట్టుకోవాలో ఆ అమ్మాయే నిర్ణయిస్తుంది.

సెషన్ల తేదీలు పెట్టుకునేటప్పుడు పరీక్షల టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకోండి. చికిత్స మొదలైన రోజుల్లో కలలు ఎక్కువగా రావడం, చిరాకు ఉండటం మామూలే. రేపు లెక్కల పేపర్ అంటే ఇవాళ సెషన్ వద్దు.

వరద ఊళ్లలో బొమ్మలు వేయించే పద్ధతి

ఈ మూడు ఊళ్ల వాళ్లకు నీళ్ల భయం కొత్త కాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన గురించి కృష్ణ అవతలి దివిసీమలోనూ, ఇవతలి రేపల్లె తీరంలోనూ పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అప్పటికి ఈఎండీఆర్ అన్న మాటే పుట్టలేదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదిలినప్పుడు కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంక గ్రామాలు మునిగాయి.

ఇలాంటప్పుడు ఒక్కో పిల్లాడికి ఒక్కో థెరపిస్టు ఎక్కడ దొరుకుతారు? 1997లో పౌలిన్ తుపాను మెక్సికోలోని అకపుల్కోను కుదిపేసిన తర్వాత అక్కడి థెరపిస్టులకూ ఇదే ప్రశ్న ఎదురైంది. లూసినా ఆర్టిగాస్, ఇగ్నాసియో హరేరో బృందం గుంపుగా చేసే పద్ధతిని తయారుచేసింది. పిల్లలు ఒక కాగితాన్ని నాలుగు గడులుగా మడుస్తారు. మొదటి గడిలో తమను ఎక్కువగా బాధపెట్టిన దృశ్యం వేసి, ఎంత బాధగా ఉందో అంకె రాస్తారు. రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, సీతాకోకచిలుక రెక్కల్లా మార్చి మార్చి భుజాల కింద తట్టుకుంటారు. తర్వాత రెండో బొమ్మ, మళ్లీ తట్టుకోవడం, ఇలా నాలుగు. ఈ తట్టుకోవడాన్నే ‘బటర్‌ఫ్లై హగ్’ అంటున్నారు. ఎవరూ లేచి తన కథ చెప్పనక్కర్లేదు. చివర్లో ఎవరి అంకె దిగలేదో చూసి ఆ పిల్లలను విడిగా కలుస్తారు. నా దృష్టిలో ఈ పద్ధతి అసలు విలువ ఆ చివరి మెట్టులోనే ఉంది.

మన దేశంలో ఈఎండీఆర్ వేళ్లూనుకున్నది కూడా విపత్తు నుంచే. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపం తర్వాత బాధితుల కోసం మన థెరపిస్టులకు శిక్షణలు మొదలయ్యాయి. ఇప్పుడు ఈఎండీఆర్ ఇండియా పేరుతో వృత్తి సంఘం ఉంది.

ఒక హెచ్చరిక. తుపాను వెళ్లిన మర్నాడే పునరావాస కేంద్రానికి వచ్చి ‘ఏం జరిగిందో చెప్పండి పిల్లలూ’ అని కూర్చోబెట్టే శిబిరాలు మేలు చేయవు. మొదటి రోజుల్లో పిల్లలకు కావలసింది అమ్మానాన్నల దగ్గర ఉండటం, భోజనం, నిద్ర, ఆట, తర్వాత ఏం జరుగుతుందో నిజం చెప్పే పెద్దలు. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో నిద్రమాత్రలు అడిగి వేయకండి. భయానక ఘటన తర్వాత మొదటి నెలలో పిల్లలకు ఆ రకం మందులు ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. పక్క తడిపితే కొట్టొద్దు, తిట్టొద్దు అన్నది కూడా అదే మార్గదర్శకాల్లో ఉంది.

ఎక్కడికి వెళ్లాలి?

ఈఎండీఆర్ అనేది ఆసుపత్రిలో ఒక విభాగం పేరు కాదు, ఒక మనిషికి వచ్చిన పని. ఓపీ బోర్డు మీద ఆ మాట వెతికితే కనిపించదు. కాబట్టి ముందు పిల్లాడిని ఎవరైనా సరిగా పరీక్షించడం ముఖ్యం, చికిత్స పేరు తర్వాత.

ఇంట్లో నుంచే మొదలుపెట్టాలంటే టెలీ మానస్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది. నంబరు 14416. రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే పై స్థాయి నిపుణులకు కలుపుతారు, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. ఫోన్‌లో ఈఎండీఆర్ చేయరు, అది వాళ్ల పని కాదు.

నేరుగా వెళ్లాలనుకుంటే తెనాలి జిల్లా ఆసుపత్రి, బాపట్ల ఏరియా ఆసుపత్రి, రేపల్లె ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు గారికి చూపించి, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద సైకియాట్రిస్టు ఏ రోజు చూస్తారో అడగండి. పెద్ద స్థాయిలో గుంటూరు జీజీహెచ్‌లోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. తెనాలి వాళ్లకు గుంటూరు దగ్గరే. రేపల్లె వాళ్లకు తెనాలి మీదుగా రైలు ఉంది. కానీ వారం వారం వెళ్లడం అంటే తల్లికో తండ్రికో ఒక రోజు కూలి పోయినట్టే. చాలా చికిత్సలు మూడో వారంలో ఆగిపోవడానికి కారణం జబ్బు కాదు, ఈ ప్రయాణమే. అందుకని మొదటి రోజే అడగండి: ‘డాక్టరు గారూ, ఎన్నిసార్లు రావాలి? మధ్యలో కొన్ని వీడియో కాల్‌లో కుదురుతాయా?’ అని. టీనేజర్లకు, తమను తాము తట్టుకోగల పిల్లలకు కొన్ని సెషన్లు ఆన్‌లైన్‌లో చేయొచ్చు. ఇంట్లో తలుపు వేసుకునే గది, పక్క గదిలో పెద్దవాళ్లు ఉండటం మాత్రం తప్పనిసరి.

దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలు ఉచితంగా అందాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. చికిత్స వివరాలు గోప్యంగా ఉంచడం కూడా ఆ చట్టం ఇచ్చిన హక్కే. స్కూల్ టీసీ మీదో, రికార్డుల్లోనో ఇది ఎక్కుతుందన్న భయంతో ఆగిపోకండి.

ప్రైవేటుగా చూపిస్తే ఏం అడగాలి?

ముందు మూల అర్హత. క్లినికల్ సైకాలజిస్టు అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. సైకియాట్రిస్టు అయితే మెడికల్ కౌన్సిల్ నంబరు. గోడ మీద ఈఎండీఆర్ సర్టిఫికెట్ ఒక్కటే ఉండి ఇవేవీ లేకపోతే బయటికి వచ్చేయండి. తర్వాత అడగాల్సింది, ప్రాథమిక శిక్షణ పూర్తి చేశారా, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కేసులు చేశారా, పిల్లలతో పనిచేయడానికి విడిగా శిక్షణ తీసుకున్నారా అని. ఇలా అడిగితే మంచి థెరపిస్టు నొచ్చుకోరు.

ఇంకో ప్రశ్నకు వచ్చే జవాబు చాలా చెబుతుంది: ‘మొదటి రెండుసార్లు ఏం చేస్తారు?’ పిల్లాడితో పరిచయం, మీతో మాట్లాడటం, ‘ఆపు’ గుర్తు, ప్రశాంతమైన చోటు అంటే సరే. ‘ఇవాళే జ్ఞాపకం తీసేస్తా, ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది’ అంటే సరికాదు. జ్ఞాపకం తీసేయడం అనేదే ఉండదు. పిల్లాడికి ఫిట్స్ ఉన్నా, కంటి సమస్య ఉన్నా, మధ్య మధ్యలో పిలిచినా పలకనట్టు ఉండిపోతున్నా ముందే చెప్పండి. పద్ధతి మార్చాల్సి రావచ్చు.

వేధింపుల కేసు అయితే?

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలపై లైంగిక వేధింపు జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. థెరపిస్టుకూ, స్కూల్ కౌన్సెలర్‌కూ మినహాయింపు లేదు. అందుకే మంచి థెరపిస్టు మొదటి రోజే పిల్లకు అర్థమయ్యే మాటల్లో చెబుతారు: ‘నువ్వు చెప్పేవి నా దగ్గరే ఉంటాయి, కానీ నిన్ను ఎవరైనా బాధపెడుతుంటే ఆపడానికి పెద్దవాళ్లకు చెప్పాల్సి వస్తుంది’ అని. ఎవరికీ చెప్పనని ఒట్టు వేసి, తర్వాత పోలీసులకు చెబితే ఆ పిల్ల ఇంకెవరినీ నమ్మదు. కేసు నడుస్తుంటే ఆ సంగతి థెరపిస్టుకు ముందే తెలియాలి, సెషన్ల తేదీలు, నోట్సు సక్రమంగా ఉండాలి. వేధించే మనిషి ఇంట్లోనే ఉంటే జ్ఞాపకాల మీద పని మొదలుపెట్టకూడదు, ముందు భద్రత. పిల్లల సాయానికి 1098, అత్యవసరమైతే 112. తెనాలి గుంటూరు జిల్లాలో, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో ఉన్నాయి. ఏ జిల్లా అధికారికి చెప్పాలో మీకు తెలియకపోయినా 1098కి ఫోన్ చేస్తే చాలు.

ఇంట్లో మీరు ఏం చేయొచ్చు?

బటర్‌ఫ్లై హగ్‌ను పడుకునే ముందు, బస్సు ఎక్కే ముందు, మనసు కుదుటపరచుకోవడానికి వాడొచ్చు. నెమ్మదిగా ఊపిరి తీసుకుంటూ అర నిమిషమో నిమిషమో తట్టుకోవడం. పిల్లాడితో పాటు మీరూ చేయండి. కానీ తట్టుకుంటూ ‘ఆ రోజు ఏమైందో గుర్తు తెచ్చుకో’ అనొద్దు. వీడియో చూసి కంటి కదలికలు చేయించొద్దు. జ్ఞాపకం తలుపు తెరవడం తేలిక, దాన్ని మూయడానికే శిక్షణ కావాలి. సెషన్ అయ్యాక తిరుగు రైల్లో ‘మేడమ్ ఏం అడిగింది? నువ్వేం చెప్పావు?’ అని గుచ్చి గుచ్చి అడగకండి. ఆకలిగా ఉందేమో కనుక్కోండి. తనంతట తాను చెబితే వినండి.

‘చచ్చిపోతా’ అన్న మాట విన్నా, చేతులు కోసుకున్న గుర్తులు కనిపించినా నెల దాకా ఆగొద్దు. అదే రోజు 14416కు ఫోన్ చేయండి లేదా క్యాజువాలిటీకి తీసుకెళ్లండి, పిల్లాడిని ఒంటరిగా వదలకండి.

మామూలుగా ఫోన్ చేస్తున్నట్టయితే ముందు ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి: పిల్లల వయసు, ఏం జరిగింది, ఎన్ని వారాలైంది, నిద్ర, తిండి, స్కూలు ఎలా ఉన్నాయి, దేనికి ఎక్కువ భయపడుతున్నారు, ఇంతకుముందు వాడిన మందులు, మీరు ఏ వారం ఏ రోజు ప్రయాణం చేయగలరు. పిల్లల ఎదుట ఈ వివరాలు చెప్పకుండా, మేడ మీదకో, వీధి చివరకో వెళ్లి మాట్లాడండి.